మోటరు బటన్ మార్చేముందు రైతును అడగరా?

పై వీడియోలో మీరు చూసింది మా ఊళ్లో మా బాబాయి వేసిన మిరప నారుమడి. రెండు ఎకరాలకు సరిపడా రెండు సెంట్ల మడి. నారు మొదళ్లు మెత్తబడి, గుంపులు గుంపులుగా ఒరిగిపోయి ఉంది కదా. చూడగానే మీలో చాలామంది "ఇది నారుకుళ్లు, విత్తనశుద్ధి చేయలేదా?" అని అడుగుతారు. చేశాం. బీజామృతం పట్టించే వేశాం. ఎత్తుమడులే కట్టాం. పలచగానే చల్లాం. అయినా పోయింది.

పోవడానికి కారణం పురుగూ కాదు, విత్తనమూ కాదు. ఫోన్‌లో ఒక యాప్. ఈ సైట్‌లో మామూలుగా కషాయాల గురించి, ఆచ్ఛాదన గురించి, మార్కెట్ గురించి రాస్తుంటాను. ఈసారి మాత్రం ఒక బటన్ గురించి రాస్తున్నాను. చిన్న విషయం అనుకోకండి, చివరిదాకా చదవండి.

ఆ రోజు ఏం జరిగింది

మా బాబాయి బోరుకి సెల్ స్టార్టర్ పెట్టించి నాలుగేళ్లయింది. ఇంటి దగ్గర నుంచి బోరు కిలోమీటరున్నర. స్టార్టర్ డబ్బాలో సిమ్ ఉంటుంది, ఫోన్‌లో యాప్ ఉంటుంది. ఆ యాప్‌లో రెండే బటన్లు. పైన పచ్చది, కింద ఎర్రది. పచ్చది నొక్కితే మోటరు తిరుగుద్ది, ఎర్రది నొక్కితే ఆగుద్ది. బాబాయికి ఇంగ్లీషు రాదు. ఆ బటన్ల మీద ఏం రాసుందో ఆయన ఎప్పుడూ చదవలేదు, చదవాల్సిన అవసరం రాలేదు. పైన, కింద, పచ్చ, ఎరుపు. నాలుగేళ్లు అట్లాగే నడిచింది.

ఒక రాత్రి ఆ యాప్ దానంతటదే అప్‌డేట్ అయింది. రెండు బటన్లూ పోయి, మధ్యలో ఒకే గుండ్రటి బటన్ వచ్చింది. మోటరు తిరుగుతుంటే అది పచ్చగా ఉంటుంది, ఆగి ఉంటే ఎర్రగా ఉంటుంది. ఏ రంగులో ఉన్నప్పుడు నొక్కినా, ఉన్న స్థితికి వ్యతిరేకం జరుగుతుంది.

తేడా ఏంటో గమనించారా? పాత యాప్‌లో రంగు అంటే "నొక్కితే ఏం జరుగుద్ది" అని. కొత్త యాప్‌లో రంగు అంటే "ఇప్పుడు ఏం జరుగుతోంది" అని. పాత ఎరుపు "ఆపు" అని చెప్పేది. కొత్త ఎరుపు "ఆగి ఉంది" అని చెప్తుంది. రంగు అదే, అర్థం తలకిందులు.

ఆ రోజు పొద్దున బాబాయి మడి దగ్గరే ఉన్నాడు. మోటరు చేత్తోనే వేసి, కాలువలకు ఒక ఇరవై నిమిషాలు నీళ్లు పెట్టి, మళ్లీ చేత్తోనే ఆపేసి ఇంటికొచ్చాడు. వాల్వు మడివైపే తిప్పి ఉంది, సాయంత్రం ఇంకాస్త పెడదామని. తర్వాత పిన్నిని తీసుకుని చుట్టాలింట్లో పెళ్లికి బయల్దేరాడు. బస్సెక్కాక ఆయనకొక అలవాటుంది. మోటరు ఆపానో లేదో అని ఒకసారి యాప్ తీసి ఎర్రది నొక్కుతాడు. పాత యాప్‌లో ఆగిన మోటరుకి ఎర్రది పదిసార్లు నొక్కినా నష్టం లేదు. ఆగింది ఆగినట్టే ఉంటుంది.

ఆ రోజు యాప్ తీశాడు. బటన్లు మారిపోయి ఉన్నాయి. కానీ ఎరుపు కనిపించింది. నొక్కాడు. బటన్ పచ్చగా అయింది. పచ్చ అంటే పని అయినట్టే కదా అనుకుని ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నం కరెంటు పోయేదాకా మోటరు తిరిగింది. మాది నల్లరేగడి, నీళ్లు అంత తొందరగా దిగవు. రెండు రోజులు మడి చుట్టూ నీళ్లు నిలిచాయి. నాలుగో రోజుకి నారు పడిపోవడం మొదలైంది. నారుకుళ్లు శిలీంధ్రం నేలలో ఎప్పుడూ ఉండేదే. దానికి కావాల్సింది తడి. ఆ తడిని ఇచ్చింది మేమే, అది కూడా "ఆపు" అనుకుని నొక్కి.

"రెండ్రోజుల్లో అలవాటైపోద్ది సార్"

నేను కస్టమర్ కేర్‌కి ఫోన్ చేశాను. ఆ కంపెనీ పేరు ఇక్కడ రాయను. ఒక కంపెనీ మీద కోపం తీర్చుకోవడానికి కాదు ఈ పోస్టు. అబ్బాయి చాలా మర్యాదగా మాట్లాడాడు. "సార్, కొత్త వెర్షన్ ఇంకా ఈజీ సార్. రెండు బటన్లకు బదులు ఒకటే బటన్. రెండ్రోజులు వాడితే అలవాటైపోద్ది సార్" అన్నాడు.

ఆ అబ్బాయి అబద్ధం చెప్పలేదు. చిన్నప్పటి నుంచి ఇలాంటి ఫోన్లు వాడినవాళ్లకు రెండు రోజులు చాలు. నాకూ ఒక్క పూట పట్టింది. కానీ ఆ రెండు రోజులు ఎవరి ఖాతాలో పడతాయి? ఆఫీసులో కూర్చుని వాడే యాప్‌లో తప్పు బటన్ నొక్కితే వెనక్కి వచ్చి సరిచేసుకోవచ్చు. మనకు తప్పు బటన్ అంటే మడి మునగడం, లేదా నీళ్లు లేని బోరులో మోటరు వట్టిగా తిరిగి కాలిపోవడం. నారు పోయాక మళ్లీ విత్తనం కొని, మళ్లీ పోసి, నాటుకి వచ్చేసరికి నెలపైనే పడుతుంది. అదును దాటిపోతుంది. అలవాటు పడే ఖర్చు కంపెనీ బిల్లులో కనపడదు, మన పొలంలో కనపడుతుంది.

ఇంకో మాట. చాలామంది దీన్ని "పెద్దవాళ్లకు ఫోన్ రాదు" అని తేల్చేస్తారు. మా బాబాయికి ఫోన్ వచ్చు. నాలుగేళ్లు ఒక్క తప్పు లేకుండా వాడాడు. ఆయనకు తెలియనిది ఫోన్ కాదు, రాత్రికి రాత్రి మారిన ఫోన్. ఆయన్ని తెలియనివాడిగా చేసింది అప్‌డేట్.

చేతికి వచ్చిన పని

కొడవలి పట్టి కోసేటప్పుడు చెయ్యి ఎక్కడ పెట్టాలా అని ఎవరూ ఆలోచించరు. ట్రాక్టర్ ఏ కంపెనీదైనా క్లచ్చి ఎడమకాలి కింద, బ్రేకు కుడికాలి కింద ఉంటాయి. అందుకే పక్కూరి ట్రాక్టర్ అయినా ఎక్కి నడపగలం. మనసు దారి మీద, సాలు మీద ఉంటుంది, కాళ్ల పని కాళ్లు చేసుకుపోతాయి. ఆలోచించకుండా చేయగలగడమే అలవాటు విలువ. ఆ విలువ సంపాదించడానికి మనిషి ఏళ్లు పెట్టుబడి పెడతాడు.

"మరి బండ్లు మారలేదా?" అని మీరు అడగొచ్చు. మారాయి. పాత బుల్లెట్‌కి గేరు కుడికాలి వైపు, బ్రేకు ఎడమకాలి వైపు ఉండేవి. తర్వాత వచ్చిన బండ్లకు అటుదిటు అయింది. పాత బండికి అలవాటైనవాళ్లు కొత్తది ఎక్కి బ్రేకు అనుకుని గేరు తొక్కిన కథలు మీ ఊళ్లోనూ ఉండే ఉంటాయి. కానీ ఒక్కటి గుర్తుపెట్టుకోండి. కంపెనీ వాళ్లు రాత్రిపూట మీ కొట్టంలోకి వచ్చి, మీరు డబ్బు పెట్టి కొన్న పాత బండికి గేరు మార్చిపోలేదు. కొత్తది కావాలంటే షోరూముకి పోయి, చూసి, నడిపి, ఇష్టమైతే కొన్నారు. పాతది పాతదిగానే ఉంది.

యాప్ విషయంలో జరిగేది ఆ రాత్రిపూట పనే. మనం కొన్న వస్తువు, కొన్న తర్వాత, మనకు చెప్పకుండా మారుతుంది. నా అభ్యంతరం కొత్తదనం మీద కాదు, దీని మీద.

ఇది మన ఒక్కళ్ల బాధ కాదు

కంప్యూటర్ వాడినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. విండోస్‌లో కింద ఎడమ మూల స్టార్ట్ బటన్ 1995 నుంచి ఉంది. 2012లో విండోస్ 8లో మైక్రోసాఫ్ట్ దాన్ని తీసేసింది. ప్రపంచమంతా గగ్గోలు పెట్టింది. 2013లో విండోస్ 8.1లో బటన్ వెనక్కి వచ్చింది, 2015లో విండోస్ 10లో పాత పద్ధతిలో తెరుచుకునే మెనూ కూడా వచ్చింది. అంత పెద్ద కంపెనీ కూడా జనం చేతి అలవాటు ముందు వెనక్కి తగ్గాల్సి వచ్చింది.

2025 ఆగస్టులో గూగుల్ ఫోన్ యాప్ రూపం మారింది. కాల్ వస్తే పైకి జరిపి ఎత్తే పద్ధతి పోయి, పక్కకు జరపడం లేదా ఒకసారి నొక్కడం వచ్చింది. ఫేవరెట్ నంబర్లు, కాల్ లిస్టు కలిసి 'హోమ్' అనే ఒకే పేజీ అయిపోయాయి. ఫోన్ పాడైందేమో, ఎవరైనా హ్యాక్ చేశారేమో అని మన దేశంలో చాలామంది కంగారుపడ్డారు. సెట్టింగ్స్‌లోకి వెళ్తే పక్కకు జరపడమా, ఒకసారి నొక్కడమా అని ఎంచుకునే వీలైతే ఉంది. కానీ పైకి జరిపే పాత అలవాటు ఆ రెండింట్లో లేదు.

ఇంకో ఉదాహరణ చెప్తే మనవాళ్లకు నవ్వొస్తుంది. 2011లో యాపిల్ తన మ్యాక్ కంప్యూటర్లలో స్క్రోల్ చేసే దిక్కు తిరగేసింది. అప్పటిదాకా కిందికి అంటే పేజీ ముందుకు పోయేది, ఆ తర్వాత పైకి అంటే పోయేది. దానికి పెట్టిన పేరు ఏంటో తెలుసా? 'నేచురల్' స్క్రోలింగ్! మనం నేచురల్ ఫార్మింగ్ వాళ్లం కాబట్టి ఆ మాట మీద మనకు కొంత హక్కుంది. ఎవరికి సహజం? అలవాటైనవాడికి అలవాటైనదే సహజం. కానీ యాపిల్ ఒక మంచి పని చేసింది. ఆ మార్పు వద్దనుకున్నవాళ్లు పాత దిక్కే పెట్టుకునేలా ఒక టిక్కు ఇచ్చింది. తీసేస్తే పాతది వచ్చేస్తుంది. గొడవ అక్కడితో సర్దుకుంటుంది. నేను అడిగేది ఆ ఒక్క టిక్కు.

అయితే అప్‌డేట్లే వద్దా?

అలా అనను. ఫోన్‌పే, గూగుల్ పే లాంటి డబ్బుల యాప్‌లు, బ్యాంకు యాప్‌లు అప్‌డేట్ చేసుకోవాల్సిందే. దొంగలు కొత్త కన్నాలు వెతుకుతూనే ఉంటారు, ఆ కన్నాలు పూడ్చేది అప్‌డేటే. మోటరు యాప్‌లో కూడా తప్పులు సరిచేయాలి, సిగ్నల్ సమస్యలు తగ్గించాలి. దానికి ఎవరికీ అభ్యంతరం లేదు.

చిక్కెక్కడంటే, తాళం బాగుచేయడానికి వచ్చినవాడు గుమ్మం కూడా ఇంటి వెనక్కి మార్చి పోతున్నాడు. రెండూ ఒకే మూటలో కట్టి ఇస్తున్నారు. తాళం కావాలంటే గుమ్మం మార్పు ఒప్పుకోవాలి. ఈ రెండూ విడదీయమని అడగడం అన్యాయమా?

ఆ ఒకే బటన్ గీసిన కుర్రాళ్ల వాదన కూడా ఆలోచించాను. కొత్తగా వచ్చే రైతుకు మోటరు తిరుగుతోందా, ఆగిందా అని ఒక్క చూపులో తెలియాలి, అందుకే రంగుతో చూపించాం అంటారు. నిజమే, పాత యాప్‌లో అది తెలిసేది కాదు. మంచి ఆలోచనే. కానీ బటన్లు రెండూ అట్లాగే ఉంచి పైన "మోటరు తిరుగుతోంది", "మోటరు ఆగింది" అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాస్తే సరిపోయేది. అక్షరాలు రాని వాళ్లకు తిరిగే చక్రం బొమ్మ పెడితే సరిపోయేది. ఉన్నదాన్ని తీయకుండా లేనిదాన్ని కలపొచ్చు.

నేనూ అదే పని చేశాను

ఇది రాయాలా వద్దా అని కాస్త తటపటాయించాను. కానీ రాయకపోతే మిగతాదంతా రాసే హక్కు నాకుండదు.

నేను అగ్రికల్చర్ డిప్లొమా చేసి, పొలం చూసుకుంటూనే ఊళ్లో ఎన్‌పీఎం షాపు నడుపుతున్నానని మీకు తెలుసు. కషాయాలు, ఘనజీవామృతం తయారుచేసి ఇస్తాం. మొదటి నుంచి నీమాస్త్రం క్యాన్‌కి పచ్చ మూత, అగ్నిఅస్త్రం క్యాన్‌కి ఎర్ర మూత పెట్టేవాళ్లం. గత ఏడాది సరుకు టౌనుకి కూడా పంపుదామని ఒకతనితో లేబుళ్లు డిజైన్ చేయించాను. చూడటానికి బాగుండాలని అన్నిటికీ తెల్ల మూతలు, ఒకే రకం గోధుమరంగు లేబుల్. పేర్లు అందంగా, చిన్నగా.

నీమాస్త్రం నీళ్లు కలపకుండా నేరుగా కొడతాం. అగ్నిఅస్త్రం అలా కాదు. పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు, వేపాకు గోమూత్రంలో ఉడికించింది, వంద లీటర్ల నీళ్లకు రెండు మూడు లీటర్లే కలపాలి. మా దగ్గర ఎప్పటి నుంచో కొనే ఒక అక్క రెండు క్యాన్లూ తీసుకెళ్లి, నీమాస్త్రం అనుకుని అగ్నిఅస్త్రాన్ని నేరుగా ట్యాంకులో పోసి వంగతోట మీద కొట్టింది. నాలుగు సాళ్లు ఆకులు మాడిపోయాయి.

నేను వెళ్లి చూసి మొదట అన్న మాట ఏంటో తెలుసా? "లేబుల్ మీద రాశాం కదక్కా." ఆమె అంది, "నేను లేబులు ఎప్పుడు చదివాను బాబూ? మూత చూసి తీసుకుంటా. మూత గుర్తు నువ్వే కదా నేర్పించింది?"

అప్పుడు సమాధానం దొరక్క ఇంకో క్యాన్ ఇచ్చి వచ్చేశాను. అది తప్పు కప్పిపుచ్చుకోవడమే. కస్టమర్ కేర్ అబ్బాయి "అలవాటైపోద్ది సార్" అన్నప్పుడు, ఫోన్ పెట్టేశాక ఆ అక్క మాట గుర్తొచ్చింది. నేను కూడా ఎవరినీ అడగకుండా వాళ్ల గుర్తు తీసేసినవాణ్ణే. నాకు అది లేబుల్ మార్పు, ఆమెకు అప్‌డేట్. మరుసటి వారం పాత రంగు మూతలు మళ్లీ తెప్పించాను. కొత్త లేబుల్ ఉంది, మూత మాత్రం పాతదే.

మన సేద్యంలో పద్ధతి ఉంది

మనం పక్క రైతును ప్రకృతి వ్యవసాయంలోకి ఎలా తీసుకొస్తాం? "రేపటి నుంచి యూరియా బస్తా ముట్టుకోకు, పదెకరాలూ మార్చెయ్" అంటామా? అనం. అర ఎకరంలో మొదలుపెట్టు అంటాం. మిగతాది నీ పాత పద్ధతిలోనే ఉంచు, రెండూ పక్కపక్కన చూసుకో, నమ్మకం కుదిరితే పెంచుకో అంటాం. జీవామృతం ఎంత మంచిదని మనకు తెలిసినా, అతని పొలంలోకి అతను నిద్రపోతుండగా పోయి పోసి రాం. మంచిదే అయినా పొలం అతనిది.

సాఫ్ట్‌వేర్ చేసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. మీ మార్పు మంచిదే కావచ్చు. కానీ మా చేతి అలవాటు మా పొలం లాంటిది. అడిగి రండి.

కంపెనీలను మనం అడగాల్సినవి

1. బటన్ల చోటు, రంగు, అర్థం మార్చేముందు ఫోన్‌లో తెలుగులో అడగాలి. "ఇప్పుడే మార్చుకుంటారా, తర్వాతా?" అని.
2. పాత రూపం కనీసం ఒక పంటకాలం పాటు ఎంచుకునే వీలుండాలి.
3. మోటరు లాంటి వాటికి "వేయి", "ఆపు" వేర్వేరు బటన్లుగానే ఉండాలి. "ఆపు" ఎన్నిసార్లు నొక్కినా మోటరు ఆగే ఉండాలి.
4. మార్పు ఏంటో చూపించే ఒక్క నిమిషం తెలుగు వీడియో పంపాలి.

మనం చేసుకోవాల్సినవి

ప్లే స్టోర్‌లో మీ మోటరు యాప్ పేజీ తెరవండి. పైన కుడి మూల మూడు చుక్కలు ఉంటాయి. నొక్కితే 'ఎనేబుల్ ఆటో అప్‌డేట్' అని టిక్కు కనిపిస్తుంది. అది తీసేయండి. ఆ ఒక్క యాప్‌కే ఆటో అప్‌డేట్ ఆగుతుంది, మిగతావి మామూలుగానే అవుతాయి. డబ్బుల యాప్‌లకు మాత్రం ఈ పని చేయకండి. తర్వాత మీకు తీరిక ఉన్న రోజు, మోటరు దగ్గర నిలబడి, అప్‌డేట్ చేసి, బటన్లన్నీ ఒకసారి నొక్కి చూసుకోండి.

ఫోన్‌తో పాటే వచ్చిన యాప్‌లు మారిపోతే, చాలావాటికి యాప్ ఇన్ఫోలో 'అన్‌ఇన్‌స్టాల్ అప్‌డేట్స్' అని ఉంటుంది. దాంతో ఫోన్ కొన్నప్పటి రూపం వస్తుంది. ఇది శాశ్వతం కాదు, కొంత ఊపిరి తీసుకోవడానికే.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్ వారానికోసారి తీసి చూడండి. ఏదైనా మారి ఉంటే వాళ్లకంటే ముందు మీరు నేర్చుకుని, వాళ్ల చేతే నాలుగుసార్లు నొక్కించండి. విసుక్కోవద్దు. మనకు నాగలి పట్టడం నేర్పినప్పుడు వాళ్లు విసుక్కోలేదు.

మా బాబాయి మళ్లీ నారు పోశాడు. కాస్త ఆలస్యమైంది, ఈ ఏడాది కాపు ఎలా ఉంటుందో చూడాలి. యాప్ మాత్రం మళ్లీ ముట్టుకోలేదు. నేను రెండుసార్లు నేర్పించబోయాను. "వద్దులే అబ్బాయ్, మళ్లీ ఎప్పుడు మారుస్తారో" అన్నాడు. అరవై దాటిన మనిషి, రోజుకు రెండుసార్లు కిలోమీటరున్నర నడిచి వెళ్లి చేత్తో మోటరు వేసి వస్తున్నాడు. నడక మంచిదే అంటాడు. నాకు మాత్రం ఆయన వెళ్తుంటే చూడటం కష్టంగా ఉంది.

మీ ఫోన్‌లో కూడా ఇలా మారిపోయి నష్టం చేసినవి ఉంటే కామెంట్లో రాయండి. ఏ బటన్, ఎలా మారింది, ఏం జరిగింది, అది రాయండి చాలు. అవన్నీ ఒకచోట చేర్చి మా స్టార్టర్ కంపెనీకి నేనే పంపుతాను. వచ్చే వీడియోలో ఆటో అప్‌డేట్ ఆపడం ఫోన్‌లోనే చేసి చూపిస్తాను. ఆ తర్వాతి వీడియో మళ్లీ మన ఘనజీవామృతం గురించే.